బుడ్డ పరక

బుడ్డ పరక చెరువు చేప. కుంట, వాగు, కాలువ, వరిమడి, రోడ్డు పక్క గుంట, ఎక్కడ మోకాలి లోతు నీళ్లు నాలుగు నెలలు నిలిచినా అక్కడ ఉంటుంది. తెలంగాణలో బుడ్డ పరక అనీ, కోస్తాలో పరిగె అనీ పిలిచే ఈ చిన్న చేపల్లో చాలామటుకు పుంటియస్ ప్రజాతికి, దాని దగ్గరి బంధువులకు చెందినవే. ఒళ్లంతా వెండి పొలుసు, రెండు పక్కలా నొక్కినట్టుండే పలచని శరీరం, చిన్న నోరు. వీటిలో ఎక్కువగా దొరికే పుంటియస్ సోఫోర్‌కు తోక మొదట్లో ఒక నల్లచుక్క, వీపు రెక్క అడుగున మరో మచ్చ ఉంటాయి. టిక్టో అనే మరో రకానికి ఒక చుక్క మొప్ప వెనుక, ఇంకోటి తోక దగ్గర. సోఫోర్ బాగా పెరిగితే జానెడు దాకా రావచ్చునని పుస్తకాలు చెబుతాయి గానీ, వలలో పడేవి చాలావరకు వేలెడంతే. రెండింటికీ శాస్త్రీయ నామాలు పెట్టినవాడు ఫ్రాన్సిస్ హామిల్టన్. మైసూరు, మలబారు తిరిగి యాత్రాగ్రంథం రాసిన బుకానన్ ఈయనే. పేరు మార్చుకున్నాక, 1822లో గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో ఈ చిన్నవాటిని కూడా ఓపిగ్గా వర్ణించాడు. ఆ ఓపిక తర్వాతి కాలంలో అందరికీ లేదు.

పరక గురించి మొదట తెలుసుకోవలసింది దాని సంతతి సంగతి. కట్ల, రోహు, మృగాల వంటి పెద్ద చేపలు పారే నదిలో తప్ప నిలిచిన చెరువు నీటిలో గుడ్లు పెట్టవు. వాటిని చెరువులో పెంచాలంటే ఏటా పిల్లలను తెచ్చి వదలాలి. ఒకప్పుడు ఆ పిల్లలను వరద నదుల్లో ఏరి తెచ్చేవారు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి పీయూష గ్రంథి రసాన్ని సూది ద్వారా ఎక్కించి తల్లి చేపల చేత గుడ్లు పెట్టించగలిగాక, చేప పిల్ల నారుమళ్లలో తయారయ్యే సరుకయింది. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం చెరువులకు ఉచితంగా పంచిన చేప పిల్లలూ ఈ తోవలో వచ్చినవే. పరకకు ఈ ఏర్పాట్లేవీ అక్కర్లేదు. తొలకరి నీరు తగలగానే అది నిలిచిన నీటిలోనే, గడ్డి మొదళ్లలో గుడ్లు పెడుతుంది. ఎండిన కుంటకు రెండు వానలు పడి కాలువ కలిస్తే చాలు, ఎక్కడినుంచో ఎదురెక్కి వచ్చేస్తుంది. నాచు, పురుగు, మడ్డి తిని బతుకుతుంది. పెట్టుబడి లేని చేప కాబట్టి దాని తరఫున మాట్లాడేవాళ్లూ లేరు.

చేపల పెంపకం పాఠ్యపుస్తకాల్లో దీని చోటు ఇంకా చిన్నది. అక్కడ పరక, మోలా, చందా, మీసాల పరవ వంటివన్నీ కలిసి కలుపు చేపలు అన్న ఒక్క శీర్షిక కింద పడతాయి. పంట చేలో గడ్డి ఎలాగో, చేపల చెరువులో ఇవి అలాగ. పెంచే పిల్లల మేతను, ప్రాణవాయువును పంచుకుంటాయని ఆరోపణ. నారుమడి చెరువుల వరకు ఆరోపణ నిజమే, వేలెడు కూడా లేని కట్ల పిల్లలకు పరకల గుంపు గట్టి పోటీ. అందుకని పిల్లలను వదిలే ముందు చెరువులో ఇప్ప చెక్క వేయమని పుస్తకం చెబుతుంది. మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోలు. ఇప్ప చెక్కలోని సాపోనిన్ మొప్పల ద్వారా రక్తంలోకి చేరి ఎర్రకణాలను పగలగొడుతుంది, కొన్ని గంటల్లో చేపలన్నీ తేలతాయి. కొద్దివారాలకు విషం విరిగిపోయి చెక్క ఎరువుగా మిగులుతుంది. పద్ధతి తెలివైనదే. కాకపోతే తెల్లారి గట్టున పోగుపడే ఆ వెండి కుప్ప, అదే ఊళ్లో కొన్ని ఇళ్లకు వారం కూర అన్న సంగతి ఖర్చుల పట్టికలోకి రాదు.

పెద్ద చెరువుల్లో ఆరోపణ అంత బలంగా నిలవదు. బంగ్లాదేశ్‌లో కార్పు చేపలతో పాటు మోలాను కూడా కావాలనే పెంచి చూశారు. పెద్ద చేపల దిగుబడి చెప్పుకోదగినంత తగ్గలేదు, ఇంట్లో తినే చేప మాత్రం పెరిగింది. ఆ దేశపు చిన్న చేపల ఆహార విలువ మీద ఏళ్ల తరబడి పనిచేసిన, ట్రినిడాడ్‌లో పుట్టిన భారత సంతతి శాస్త్రవేత్త శకుంతలా హరక్‌సింగ్ థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. ఒడిశాలోనూ ఊరి చెరువుల్లో మోలాను వదిలే ప్రయత్నాలు సాగుతున్నాయి. మోలా తెలుగు చెరువులకూ కొత్త కాదు. పరకలతో కలిసే వలలో పడుతుంది, కలిసే పులుసులోకి పోతుంది, దానికి వేరే మర్యాద ఎవరూ చేయరు.

పరక పట్టడానికి రెండు కాలాలు. మొదటిది తొలకరి. మృగశిర కార్తె దాటి గట్టి వాన పడితే చెరువులోకి ఎర్రనీళ్లు దిగుతాయి. ఆ కొత్తనీటి వాసనకు పరకలు గుంపులుగా ప్రవాహానికి ఎదురెక్కుతాయి, అలుగు దగ్గర, కాలువ మలుపుల్లో, మడి గట్టుకు పడ్డ గండి దగ్గర. (మృగశిర నాడు చేప తినాలన్న ఆచారం వల్ల ఆ రోజు హైదరాబాదు చేపల బజార్లలో కాలు పెట్టే చోటుండదు. కానీ ఆ గుంపు అడిగేది తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనునూ, పెద్ద పెద్ద రోహులనూ. ఆ వేళకు పొలం కాలువలో ఎదురెక్కుతున్న పరకను అడిగేది పొలం మనిషే.) గండికి అడ్డంగా వెదురు మావు పెడితే సరిపోతుంది. సన్నని వెదురు బద్దలతో అల్లిన పెట్టె అది. లోపలికి వాలిన బద్దల సందున చేప దూరుతుంది గానీ, తిరిగి వచ్చేటప్పుడు ఆ బద్దల మొనలే ఎదురు నిలుస్తాయి. సాయంత్రం పెట్టి తెల్లవారి ఎత్తుతారు. మావు లేనివాళ్లు పాత చీరను నలుగురు నాలుగు కొసలు పట్టుకొని నీళ్లలో ముంచి ఎత్తుతారు. దీనికి నైపుణ్యం కన్నా కేకలు ఎక్కువ కావాలి.

రెండో కాలం ఎండాకాలం. చెరువు మధ్యకు కుంచించుకుపోయి నడుము లోతు నీళ్లు మిగిలినప్పుడు ఊరంతా దిగుతుంది. అప్పటి పనిముట్టు ఊత. పైన చిన్న నోరు, అడుగు తెరుచుకొని ఉండే గంప అది. బురద నీటిలో కదలిక చూసి దాన్ని టక్కున దించి, పై నోట్లోంచి చెయ్యి పెట్టి చేపను తడిమి పట్టుకోవాలి. ఊత పెద్ద చేపకే ఎక్కువ పనికొస్తుంది. పరకలకు చిన్న కన్నుల విసురు వల గానీ, ఉత్త తట్ట గానీ మేలు. చాలా ఊళ్లలో చెరువు మీద హక్కు మత్స్యకారుల సంఘానిది. సంఘం పోసిన పెద్ద చేప సంఘానికి పోతుంది. ఎవరూ పోయని పరక మీద మాత్రం పట్టింపు తక్కువ, వల లాగాక బురదలో మిగిలినవి ఏరుకునే ఆడవాళ్లనూ పిల్లలనూ సాధారణంగా ఎవరూ కాదనరు.

గాలంతో పట్టడం పిల్లల పని. పరక నోరు చిన్నది కాబట్టి గాలపు ముల్లు అతి చిన్నదై ఉండాలి. ఎరగా వానపాము ముక్క గానీ, ఆవగింజ కన్నా కాస్త పెద్ద గోధుమపిండి ఉండ గానీ. జొన్నదంటు బెండు నీటి మీద నిలబడి, సన్నగా వణకడం మొదలుపెడుతుంది. అది కొరుకుడు కాదు, రుచి చూడడం. అప్పుడే లాగితే ఉత్త ముల్లు వస్తుంది. బెండు పక్కకు జరిగినప్పుడు లాగాలి. పరక పిండిని ముల్లు మీదినుంచి ఒలుచుకు తినే దొంగ, అందువల్ల వానపామే మేలైన ఎర.

పట్టాక గడియారం మొదలవుతుంది. చిన్న చేపలో కండకు పొట్ట దగ్గర. పొట్టలోని జీర్ణరసాలు చేప చచ్చాక కూడా పని ఆపవు, గోడను కరిగిస్తాయి. వేసవిలో నాలుగైదు గంటలకే పొట్టలు పగలడం మొదలవుతుంది. మంచు గడ్డల్లో పెట్టి పట్నానికి పంపేటంత ధర దీనికి రాదు కాబట్టి, పట్టిన ఊళ్లోనే, పట్టిన పూటే కడగాలి. ఈ చేప చౌకగా ఉండడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. కిలో రోహును బజారులో కత్తిపీట ముందు కూర్చున్న మనిషి ఐదు నిమిషాల్లో పొలుసు తీసి, ముక్కలు కొట్టి, సంచిలో వేసి ఇస్తాడు. కిలో పరకలంటే నూరో నూటయాభయ్యో చేపలు. ఒక్కొక్కదానికి పొలుసు, ఒక్కొక్కదానికి పేగు. బజారులో వాటిని కడిగిపెట్టేవాళ్లు అరుదు. ఆ గంటన్నర పనిని కొన్నవాళ్ల ఇంటి ఆడవాళ్లు చేస్తారు, దానికి ఎవరూ ధర కట్టరు. పరక చౌక కాదు. దాని ధరలో ఎక్కువ భాగం డబ్బుగా కాక పెరట్లో చాకిరీగా చెల్లుతుంది. ఉద్యోగాలకు పోయే ఇళ్లలో ఆ చాకిరీకి తీరిక లేకపోవడమే ఈ చేపను పళ్లెం నుంచి తప్పించింది. రుచి నచ్చక మానేసినవాళ్లు తక్కువ.

కడిగే పద్ధతి పాతదే, దాన్ని మించినది ఇంకా రాలేదు. ముందు చేపలను వెడల్పు గిన్నెలో పోసి ఒకసారి నీళ్లతో జాడించి, మడ్డి, నాచు, చిన్న నత్తలు, పీత పిల్లలు ఏరేయాలి. ఆ తర్వాత గరుకు బండ మీద పోసి, పిడికెడు పొయ్యి బూడిద గానీ గల్లుప్పు గానీ చల్లి, అరచేత్తో గుండ్రంగా రుద్దాలి. చేప ఒంటి మీది జిగురు పట్టు దొరకనివ్వదు. బూడిద ఆ జిగురును పీల్చి పట్టునిస్తుంది, ఉప్పు గరుకు పొలుసును లేపుతుంది. ఒత్తిడి ఎంత అన్నది చేతికి తెలియాలి. తక్కువైతే పొలుసు ఉండిపోయి పులుసులో గోళ్లలా తగులుతుంది, ఎక్కువైతే పొట్ట పగిలి చేపంతా చేదవుతుంది. నాలుగు నీళ్లు మార్చి, పొలుసు తేలడం ఆగేదాకా ఇదే పని.

పొలుసు పోయాక పేగు. చేపను ఎడమచేతిలో పొట్ట పైకి ఉండేలా పట్టుకొని, కుడిచేతి బొటనవేలి గోటితో మొప్పల కింద గొంతు దగ్గర గిల్లి, తోకవైపు లాగాలి. చెయ్యి తిరిగినవాళ్లకు మొప్పలు, పేగు ఒకే లాగుడులో వస్తాయి. మిగిలింది మలద్వారం వైపు మెల్లగా నొక్కితే బయటపడుతుంది. జాగ్రత్త పడవలసింది ఆకుపచ్చని చేదుతిత్తి దగ్గర. అది చితికితే ఆ ఒక్క చేపతో పోదు, గిన్నెలోని పులుసు మొత్తాన్ని పాడు చేస్తుంది. తొలకరి చేపల్లో పేగుతో పాటు పసుపుపచ్చని జన ఉంటుంది, దాన్ని పారేసేవాళ్లు తెలియనివాళ్లే. తల తీయాలా వద్దా అన్నది ఇంటింటి మాట. బుడ్డవాటికి తల ఉంచడమే మంచిది, వేగితే కరకరలాడేది అదే.

ఇక్కడ చిన్న చిక్కుంది. మోలాలో విటమిన్ ఎ అసాధారణంగా ఎక్కువ. నూరు గ్రాముల పచ్చి చేపలో రెండు వేల మైక్రోగ్రాములకు మించి ఉంటుంది. కట్ల, రోహుల కండలో అది నామమాత్రం. కానీ మోలాలో ఆ విటమిన్ ఎక్కువ భాగం కళ్లలోనూ, పొట్ట భాగాల్లోనూ ఉంది. అంటే శుభ్రం చేసే చెయ్యి ఎంత నేర్పుగా తల కోసి పేగు తీస్తే అంత పోషణ పెంటకుప్పకు పోతుంది. పరకలో విటమిన్ ఎ ఆ స్థాయిలో లేదు. దాని బలం వేరు, ఎముకలతో సహా తింటారు కాబట్టి కాల్షియం. మెత్తని ఎముకల చిన్న చేపల్లోని కాల్షియం పాలలోని కాల్షియం లాగానే ఒంటబడుతుందని 1990లలో జరిగిన పరీక్షలు తేల్చాయి. పెద్ద కార్పు చేపల కండలో గొంతుకు అడ్డంపడే చీలిక ముళ్లు పరకలోనూ ఉన్నాయి. అయితే అవి వెంట్రుకంత సన్నం, నమిలితే పోతాయి. పిల్లలకు ముల్లు భయంతో పరక పెట్టని ఇంట్లో రోహు ముక్క పెట్టడం తిరగబడ్డ జాగ్రత్త.

చివరి కడుగుడు ఉప్పు, పసుపుతో. తర్వాత పలచని మజ్జిగలో గానీ, చింతపండు నీళ్లలో గానీ కాసేపు ఉంచి తీస్తారు. చెరువు చేపకుండే మట్టివాసన జియోస్మిన్ అనే పదార్థానిది. నీలి ఆకుపచ్చ నాచు, మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. చేప మొప్పల ద్వారా పీల్చుకొని చర్మం, పొట్ట కొవ్వులో దాచుకుంటుంది. తొలి వాన చినుకుకు నేల నుంచి లేచే వాసన కూడా ఈ పదార్థానిదే. అది నేల మీద బాగుంటుంది, కంచంలో బాగుండదు. పుల్లని ద్రవంలో జియోస్మిన్ విరిగి వాసన లేని రూపంలోకి మారుతుంది. చింతపండు పులుపు ఆ పనిని పూర్తిగా చేయలేకపోయినా, చెరువు చేపకు వేపుడు కన్నా పులుసే పాత వంట కావడంలో దీని చెయ్యి ఉండే ఉంటుంది.

పులుసుకు వెడల్పు నోటి మట్టి దాక మేలు. అరకిలో కడిగిన పరకలకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానేసి, రసం చిక్కగా పిండాలి. పల్లినూనె కాస్త ధారాళంగా పోసి, చిటికెడు మెంతులు, జీలకర్ర, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి వేసి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డలు ఎర్రబడేదాకా వేయించాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి వేగాక చింతపండు రసం పోయాలి. తెలంగాణ ఇళ్లలో వేయించిన నువ్వులు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద కూడా ఈ దశలో పడుతుంది, పులుసు చిక్కదనం దానిదే. రసం నూనె తేలేదాకా మరిగిన తర్వాతే చేపలు వేయాలి. చల్లని రసంలో వేస్తే అవి ఉడికేలోపు చితికిపోతాయి. వేశాక గరిటె పెట్టకూడదు, దాకను రెండు చేతుల పట్టుకొని గుండ్రంగా తిప్పాలి. చేప ఉడకడానికి పది నిమిషాలు చాలు. ముళ్లు మెత్తబడాలంటే సన్నని సెగ మీద ఇంకో అరగంట. పొయ్యిలో మిగిలిన నిప్పుల మీదే ఉంచి, మర్నాడు పొద్దున జొన్నరొట్టెతో తినేవాళ్లకు ముల్లు ఊసే ఉండదు. పులుపు రాత్రంతా పనిచేసి ఎముకను మెత్తబరుస్తుంది.

ఎండాకాలం పట్టుకు ఇంకో జత ఉంది, చింతచిగురు. చెరువు ఎండే రోజులూ, చింతచెట్టు చిగుర్చే రోజులూ దాదాపు ఒకటే. పాత చింతపండు అడుగంటి, కొత్తది ఇంకా కుండకెక్కని ఇళ్లకు పులుపు చెట్టు మీదనే దొరుకుతుంది. చిగురును అరచేతుల మధ్య నలిపి ఈనెలు ఏరేసి, వేగిన ఉల్లిగడ్డల్లో చేపలతో పాటు వేస్తే పులుసు కాదు, దగ్గరపడ్డ కూర అవుతుంది. నీళ్లు పోయకూడదు, చేపలోని నీరూ చిగురులోని నీరూ సరిపోతాయి. పరకకు ఇంతకన్నా మంచి వంట లేదని చెప్పడానికి వెనుకాడనక్కర్లేదు.

వేపుడు సులువు. కారం, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి అరగంట ఉంచి, బాగా కాగిన నూనెలో కొద్దికొద్దిగా వేయాలి. ఒక్కసారే కుమ్మరిస్తే నూనె చల్లారి చేపలు ఒకదానికొకటి అంటుకుంటాయి. నూనెలో బుడగల చప్పుడు తగ్గిందంటే చేపలో నీరు పోయింది, ముల్లు కరకరలాడుతుంది.

మిగిలినవి ఎండబెడతారు. పేగు తీసి, కాస్త ఉప్పు రాసి, చాప మీద గానీ బండ మీద గానీ పలచగా పరిచి, రెండు మూడు మంచి ఎండలు కాయిస్తారు; బుడ్డవాటిని కొందరు ఉప్పు లేకుండానే ఎండేస్తారు. నేలమీద పోస్తే ఇసుక అంటుకుంటుంది, కాకులూ పిల్లులూ వేరు. ఎండలో విటమిన్ ఎ చాలావరకు పోతుంది, కాల్షియం ఎక్కడికీ పోదు. ఎండిన పరకలను తల గిల్లేసి, ఉత్త మూకుట్లో వేయించి, వేడినీళ్లలో రెండుసార్లు జాడించి వంకాయలోనో, పచ్చి మామిడికాయలోనో వండుతారు. సంతలో కొనేటప్పుడు విరిచి చూడాలి. పుటుక్కున విరిగితే బాగా ఎండినట్టు, వంగితే లోపల తేమ ఉన్నట్టు. తేమ ఉన్నవాటికి వానల్లో పురుగు పడుతుంది. అందుకని కుండలో దాచినవాటిని శ్రావణంలో ఎండ కాసిన రోజు చూసి, మళ్లీ ఒక పూట ఎండకు పోసి ఎత్తిపెడతారు.